ప్రేమ లేకుండా చేస్తే మోసమా?

ప్రశ్న: మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టారు. ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, మందులు... అన్నీ నేనే. పడిపోయిన చెయ్యి పట్టుకుంటే మొహం చిట్లిస్తారు, అందుకని వీపు కింద చెయ్యి వేసి లేపుతాను. ఆవిడ బాగున్న రోజుల్లో నన్ను పెట్టిన బాధలు మాత్రం మర్చిపోలేదు. వచ్చినవాళ్లు ‘కన్నకూతురైనా ఇంత చెయ్యదు’ అంటుంటే తలెత్తలేకపోతున్నాను. తప్పదు కాబట్టి చేస్తున్నాను, ప్రేమతో కాదు. ఇది మోసమే కదా మేడమ్?
– ఒక పాఠకురాలు

జవాబు: మోసం ఎలా అవుతుందమ్మా? లేని ప్రేమ ఒలకబోస్తే నటన. మీరు పని చేస్తున్నారు, అంతే. నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. పేషెంట్లందరి మీదా ప్రేమ పుట్టాకే ముట్టుకోవాలంటే వార్డులో పని సాగదు.

ఇష్టం లేకపోయినా కర్తవ్యమని చేసినప్పుడే ఆ పనికున్న నైతిక విలువ స్పష్టంగా కనిపిస్తుందని 1785లోనే వాదించాడు కాంట్ అనే జర్మన్ తత్వవేత్త. 1976లో మైకేల్ స్టాకర్ అనే మరో తత్వవేత్త దీనికి ఒక మెలిక పెట్టాడు. ఆసుపత్రిలో ఉన్న మిమ్మల్ని చూడ్డానికి స్నేహితుడొచ్చాడు. మీరు పొంగిపోయారు. ఆయనేమో ‘రావడం నా ధర్మం కదా, అందుకే వచ్చాను’ అన్నాడు. మనసు చివుక్కుమనదూ? ఇద్దరి మాటా కాదనలేం. అయితే వార్డులో నేను చూసిన తేడా వేరు.

మంచంలో ఉన్నవాళ్లకు పుండ్లు పడకుండా సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పమంటాం. గడియారం చూసుకుని తిప్పినా మేలే. కానీ తిప్పాక దుప్పటి ముడత పడిందా, చెవి మడిచిపోయిందా, మడమ ఎర్రబడిందా అని తడిమి చూసేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు ఆ మనిషంటే ప్రేమ ఉండాలనేం లేదు. ఆవిడకు ఎక్కడ నొప్పో మీరు కనిపెట్టారు చూడండి, అదీ అలాంటిదే. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగితే భుజం దెబ్బతింటుంది. ఎంత చెప్పినా వినకుండా లాగేవాళ్లను బోలెడుమందిని చూశాను.

పాత బాధలు మర్చిపొమ్మని నేను చెప్పను. అవి మీవి.

నాకు టెన్షన్ పెట్టింది ‘అన్నీ నేనే’ అన్న మాట. మీవారి ఊసే లేదు ఉత్తరంలో! రాత్రి వంతు ఆయనకు అప్పగించండి. ‘నాకు చేతకాదు’ అంటారు. పక్కన నిలబెట్టుకుని ఎలా తిప్పాలో చూపించండి, రెండుమూడు సార్లు దగ్గరుండి ఆయన చేతే చేయించండి. ఆ తర్వాత మీరు వేరే గదిలో పడుకోండి.