అసైలం పిల్లలతో కలిసి మీటింగులంటూ తిరుగుతోంది, దీనికి కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మూడేళ్లుగా గ్లాస్గోలో కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. మా అమ్మాయికి పదహారేళ్లు. సూడాన్ నుంచి వచ్చి అసైలం (శరణు) కోసం ఎదురుచూస్తున్న క్లాస్‌మేట్‌తో కలిసి సంతకాలు, మీటింగులు అంటూ తిరుగుతోంది. ఆ పిల్లతో తిరగొద్దన్నా వినదు. నర్సింగ్ మానేసి ఇదే పని చేస్తానంటోంది. లా మంచిదా, సోషల్ వర్క్ మంచిదా? రేపు మా వీసాకేమైనా అయితే?

జవాబు: మీ అసలు టెన్షన్ ఆ చివరి ముక్కలో ఉంది కాబట్టి ముందు దాని సంగతి. సంతకాలు సేకరించడం, మీ ఎమ్మెస్పీకి (స్కాట్లాండ్ పార్లమెంటు సభ్యులకు) ఉత్తరం రాయడం, స్కూల్లో మీటింగు పెట్టడం మీ వీసాకు అడ్డొచ్చే పనులు కావు. పోలీసు కేసై శిక్ష పడితే మాత్రం ఇబ్బందే. అందుకని అనుమతి ఉన్న సభలకే వెళ్లమనండి, అంతే.

ఇక "ఆ పిల్లతో తిరగొద్దన్నా" అని రాశారు చూశారా, అక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. 2021 మే 13న, రంజాన్ పండగ నాడు, మీరుంటున్న గ్లాస్గోలోనే కెన్‌మ్యూర్ స్ట్రీట్‌లో ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఇద్దరిని వ్యాన్ ఎక్కిస్తే వీధి వీధంతా వచ్చి చుట్టూ కూర్చుని దాదాపు ఎనిమిది గంటలు దాన్ని కదలనివ్వలేదు, చివరికి ఇద్దరినీ వదిలేశారు. ఆ ఇద్దరూ మన దేశం వాళ్లేనమ్మా. (ఒకాయన వ్యాన్ కిందే పడుకున్నాడు. మీ అమ్మాయిని అది చేయమనడం లేదు.) ఏదో ఒక కాగితం మీద ఆధారపడి ఉంటున్నది మీరూ, ఆ పిల్ల తల్లీ ఇద్దరూనూ.

స్నేహితురాలి కోసం పోరాడిన గ్లాస్గో గర్ల్స్ అనే స్కూలు పిల్లల గురించి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. 2005లో డ్రమ్‌చాపెల్ హైస్కూల్లో చదివే అగ్నేసా ముర్సెలాయ్ అనే అమ్మాయిని (కొసావో నుంచి వచ్చిన రోమా తెగ పిల్ల), ఇంటిల్లిపాదితో సహా తెల్లవారుజామున ఇమ్మిగ్రేషన్ వాళ్లు పట్టుకెళ్లారు. ఆమె స్నేహితురాళ్లు, కొందరు తామే అసైలం కుటుంబాల వాళ్లు, కొందరు అక్కడి స్థానికులు, యూయన్ గిర్వన్ అనే టీచర్ తోడుగా సంతకాలు పెట్టించి ఫస్ట్ మినిస్టర్ (స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత) దాకా వెళ్లారు. అగ్నేసా తిరిగొచ్చింది. వాళ్లలో రోజా సాలిహ్ 2022లో గ్లాస్గో కౌన్సిలర్‌గా గెలిచింది, అమల్ అజ్జుదీన్ మానసిక ఆరోగ్య రంగంలో శరణార్థుల కోసం పనిచేస్తోంది. ఆ పదిహేడేళ్ల మధ్యలో డిగ్రీలున్నాయి, మామూలు ఉద్యోగాలున్నాయి. వాళ్లు లీడర్లు అవుదామని బయల్దేరలేదు, స్నేహితురాలిని వెనక్కి తెచ్చుకుందామని బయల్దేరారు.

ఇందుకే శరణార్థి పిల్లల కోసం ఇప్పుడు నడుస్తున్న "యూత్ లీడర్", "అంబాసిడర్" ప్రోగ్రాముల మీద నాకు అనుమానం. అన్నీ చెడ్డవి అనను. కానీ అసైలం కేసు తేలని వాళ్లకు యూకేలో మామూలుగా ఉద్యోగం చేసే హక్కు లేదు. ఏడాది దాటినా జవాబు రాకపోతే అనుమతి అడగొచ్చు, అదీ ప్రభుత్వం ఒప్పుకున్న పనులకే. జీతం తీసుకోలేని పిల్లలు గనక ఊరికే దొరుకుతారు. పడవ ఎలా ఎక్కావు, ఎవరు చనిపోయారు అని ఒకే కథ పది వేదికల మీద చెప్పించి, చప్పట్లు కొట్టి, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఒక కుర్రాడు ఆరు సర్టిఫికెట్లు నా ముందు పెట్టి, "వీటిలో ఉద్యోగానికి ఏది పనికొస్తుంది" అని అడిగితే నేనేం చెప్పను? మీటింగులో మినిట్స్ రాయడం, హాలు బుక్ చేయడం, డబ్బు లెక్క చూడటం, అధికారి వాయిదా వేయకుండా జవాబిచ్చేలా ఉత్తరం రాయడం, ఇవి నేర్పే చోటుకు వెళ్లమనండి. ఆ సూడాన్ అమ్మాయి కథ ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆ అమ్మాయే తేల్చుకోవాలి, మీ అమ్మాయి ఆమె తరఫున మైకు పట్టుకోకూడదు.

ఒక హెచ్చరిక. స్నేహితురాలి కేసు ఫారాలు నింపడం, "ఇలా చెప్పు, అలా చెప్పు" అనడం వద్దు. రిజిస్ట్రేషన్ లేకుండా వృత్తిగానో సంస్థ తరఫునో ఇమ్మిగ్రేషన్ సలహాలివ్వడం యూకేలో నేరం, డబ్బు తీసుకోకపోయినా సరే.

లా, సోషల్ వర్క్ పోలిక అడిగారు. స్కాట్లాండ్‌లో లా డిగ్రీ నాలుగేళ్లు, డిప్లొమా ఏడాది, ట్రైనీగా రెండేళ్లు, మొత్తం ఏడు. సోషల్ వర్క్ నాలుగేళ్లు, మధ్యలో ప్లేస్‌మెంట్లు. నోటితో వాదించడం ఇష్టమా, ఇంటింటికీ తిరిగి మనుషులతో ఉండటం ఇష్టమా అన్నది స్కూల్లో ఉన్నన్నాళ్లూ చేసే ఈ పని చూస్తే తనకే తెలుస్తుంది. నర్సింగ్ తలుపు మూసుకుపోయిందనీ అనుకోకండి, శరణార్థులకు నర్సులు అక్కర్లేదా?

మీరు నిజంగా కంగారు పడాల్సింది ఫీజు గురించి. మీ వీసా మీద, మూడేళ్ల నివాసం మీద మీ అమ్మాయిని స్థానిక విద్యార్థిగా లెక్కేస్తారా, విదేశీ ఫీజు కట్టమంటారా అన్నది సాస్‌ను (స్కాట్లాండ్‌లో విద్యార్థుల ఫీజు సాయం చూసే ప్రభుత్వ సంస్థ), యూనివర్సిటీని ఇప్పుడే అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. స్కూల్లో కెరీర్స్ అడ్వైజర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సూడాన్ అమ్మాయినీ వెంటబెట్టుకెళ్లండి. ఆమెకు వర్తించే నిబంధనలు వేరు, విడిగా అడగాలి.