పాఠకుల ప్రశ్నలు: కొండలకు నీటిరంగులే ఎందుకు?

ప్రశ్న: 19వ శతాబ్దంలో అమెరికా పశ్చిమ పర్వతాలను చిత్రించినవారు భారీ తైలవర్ణ చిత్రాలతోనే పేరు పొందారు. అప్పటికే కెమెరా కూడా వచ్చింది. మరి థామస్ మోరాన్ చిన్న కాగితాలపై నీటిరంగులు ఎందుకు వాడారు? వాటిని చిత్తుప్రతులుగానే భావించాలా?

జవాబు: మోరాన్ 1871లో ఫెర్డినాండ్ హేడెన్ నాయకత్వంలోని ప్రభుత్వ భూగర్భ సర్వే బృందంతో అమెరికా పశ్చిమాన ఉన్న యెల్లోస్టోన్ ప్రాంతానికి వెళ్లారు. గుర్రాలపై సాగిన ఆ ప్రయాణంలో, ఆరడానికి రోజులు పట్టే తైలవర్ణాల కంటే నిమిషాల్లో ఆరిపోయే నీటిరంగులే అనువైనవి. అయితే సౌకర్యం ఒక్కటే కారణం కాదు.

అదే బృందంలో విలియం హెన్రీ జాక్సన్ ఫొటోలు తీశారు. ఆనాటి కెమెరాల్లో వాడే, తడిగా ఉండగానే ఫొటో తీయాల్సిన గాజు పలకల రసాయనం నీలి కాంతికి చురుగ్గా స్పందించేది గానీ, పసుపు, ఎరుపు రంగులను దాదాపు గ్రహించలేకపోయేది. యెల్లోస్టోన్ లోయ గోడల అందమంతా ఆ రంగుల్లోనే ఉంది. భూగర్భంలోని వేడినీరు, ఆవిరి అక్కడి రయొలైట్ అనే అగ్నిపర్వత శిలను మార్చివేయగా, అందులోని ఇనుము వల్ల పసుపు, నారింజ, ఎరుపు ఛాయలు ఏర్పడ్డాయి. ఫొటోలో ఆ గోడలు ముదురుగా, ఆకాశం తెల్లగా వెలవెలబోతూ కనిపించేవి. ఆ లోటును పూరించినవి మోరాన్ కాగితాలే. ఆయన పెన్సిల్‌తో రేఖలు గీసుకుని, ఏ రాయి ఏ రంగో పక్కనే రాసుకుని, పైన పలుచని పూతలు వేసేవారు.

ఆ చిత్రాలనూ, జాక్సన్ ఫొటోలనూ అమెరికన్ కాంగ్రెస్ సభ్యులకు చూపించారు. 1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం అయింది. అదే ఏడాది మోరాన్ పూర్తిచేసిన ఏడడుగుల ఎత్తు, పన్నెండు అడుగుల వెడల్పు గల తైలవర్ణ చిత్రాన్ని కాంగ్రెస్ 10,000 డాలర్లకు కొన్నది.

ఇక చిత్తుప్రతుల సంగతి. స్టూడియోలో తీరిగ్గా పూర్తిచేసిన నీటిరంగుల చిత్రాలు కూడా ఉన్నాయి. బోస్టన్ ముద్రాపకుడు లూయీ ప్రాంగ్ 1876లో వాటిలో పదిహేనింటిని రంగుల లిథోగ్రాఫులుగా, అంటే రాతి అచ్చు చిత్రాలుగా, వెలువరించారు. అందువల్ల అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. పెద్ద చిత్రాల్లో మోరాన్ దృశ్యాన్ని తన ఇష్టప్రకారం కూర్చేవారు: కొలరాడోలోని హోలీ క్రాస్ పర్వతాన్ని చూపే 1875 నాటి చిత్రంలో శిఖరమూ ముందున్న వాగూ నిజంగా ఒకే చోటు నుంచి అలా కనిపించవు. నా మటుకు, కొండ ఎదుట కూర్చుని వేసిన చిన్న కాగితాలే ఎక్కువ విలువైనవి. వాటిని చూసే అవకాశం వస్తే అంచుల్లోని పెన్సిల్ రాతలను తప్పక గమనించండి. కొన్నిచోట్ల రంగు వేయకుండా రంగు పేరు మాత్రమే రాసి వదిలేశారు.