ప్రమాణానికి ముందు ఒక టిక్కు, తర్వాత ఒక ఓటు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా పౌరసత్వం గురించే. అందరి భయమూ పరీక్ష మీదే కనిపిస్తోంది. నిజానికి మనవాళ్ల కేసులు చిక్కుపడేది ప్రయాణాల తేదీల దగ్గర, ఎప్పుడో ఆలోచించకుండా పెట్టిన ఒక టిక్కు దగ్గర.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. 2009 చివర్లో గ్రీన్ కార్డు వచ్చింది. ఇంగ్లిషు రాదు. ఏటా దసరాకు ఊరెళ్లి ఉగాది చేసుకుని వస్తుంది. పౌరసత్వానికి అప్లై చేయవచ్చా? (డాలస్ పాఠకుడు)

చేయవచ్చు. ముందు కేలెండరు తీసి రోజులు లెక్కపెట్టండి. అప్లికేషన్ వేసే రోజుకు వెనక ఐదేళ్లలో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు, అమెరికాలో ఉండి ఉండాలి. దసరా నుంచి ఉగాదికి దాదాపు 168 రోజులు. ఐదేళ్లకు 840. మొత్తం 1826 రోజుల్లో అవి పోతే అమ్మగారు ఇక్కడ ఉన్నవి 986. చేతిలో మిగిలింది 73 రోజులే. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు రెండూ అమెరికా ఖాతాలోనే పడతాయి, ఆ మేరకు కాస్త వెసులుబాటు.

రెండో లెక్క దీనికన్నా గట్టిది. ఒక్క ప్రయాణమైనా ఆరు నెలలు దాటితే నివాసం తెగిందనే అధికారి మొదట అనుకుంటారు. కాదని చూపించాల్సిన భారం మీది: ఇక్కడి ఇల్లు, కుటుంబం, ట్యాక్స్ రిటర్నులు పెట్టుకోవాలి. శ్రీరామనవమి కూడా చూసుకుని వచ్చినా ఆరు నెలల లోపే. వైశాఖంలో ఎవరిదో పెళ్లని ఆగిపోతేనే గీత దాటేది. ఏడాది, అంతకు మించి ఉండిపోతే నివాసం తెగినట్టే. తిరిగొచ్చాక 4 ఏళ్ల 1 రోజు ఆగాలి. రీ-ఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయట ఉండేవారు ముందే తీసుకునే అనుమతి) ఉంది కదా అంటారు చాలామంది. అది గ్రీన్ కార్డును కాపాడుతుంది, ఈ లెక్కను కాపాడదు.

ఇక పరీక్ష. 55 దాటి, గ్రీన్ కార్డు మీద మొత్తం 15 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లిషు మినహాయింపు. సివిక్స్ (అమెరికా ప్రభుత్వం, చరిత్ర) ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పవచ్చు. ఇంటర్‌ప్రెటర్‌ను మీరే తీసుకెళ్లాలి. కొడుకో కోడలో కాకుండా బయటి మనిషైతే అధికారి అభ్యంతరం పెట్టే అవకాశం తక్కువ. 2025 అక్టోబర్ 20, ఆ తర్వాత అప్లికేషన్ వేసినవారికి కొత్త పరీక్ష: 128 ప్రశ్నల జాబితా నుంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 65 దాటి, గ్రీన్ కార్డుకు 20 ఏళ్లు నిండినవారికి మాత్రం చదవాల్సినవి 20 ప్రశ్నలే, అడిగేవి 10, చెప్పాల్సినవి 6. అమ్మగారు ఆ వరసలోకి 2029 చివర్లో వస్తారు. తొందర లేకపోతే ఆగడం కూడా ఒక దారే.

ఇంట్లో చదివించేటప్పుడు ఒక మాట దగ్గర ఆగండి. "కాంగ్రెస్‌లో ఎన్ని భాగాలు?" అంటే మన పెద్దవాళ్లకు చెయ్యి గుర్తు గుర్తొస్తుంది. ఇక్కడ కాంగ్రెస్ అంటే మన పార్లమెంటు లాంటిదనీ, సెనేట్ రాజ్యసభలాగా, హౌస్ లోక్‌సభలాగా అనీ ముందే చెప్పండి. "కార్యనిర్వాహక శాఖ" లాంటి పుస్తకాల తెలుగు ఆమె రోజూ వినేది కాదు. ఇంటర్‌ప్రెటర్ ఏ మాట వాడతారో కనుక్కుని, అదే మాటతో చదివించండి. గవర్నరు, సెనేటర్ల పేర్లు ఇంటర్వ్యూ ముందురోజు మళ్లీ చూసుకోవాలి. తప్పితే 60 నుంచి 90 రోజుల్లో ఇంకో అవకాశం ఇస్తారు, అప్పుడు తప్పిన భాగం ఒక్కటే మళ్లీ అడుగుతారు.

ఓటు వేయడానికీ ఇంగ్లిషు అక్కర్లేదు. చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని సాయానికి బూత్‌లోకి తీసుకెళ్లవచ్చని ఫెడరల్ చట్టం చెబుతోంది. తను పనిచేసే చోటి యజమాని, యజమాని తరఫు వాళ్లు, యూనియన్ వాళ్లు మాత్రం పనికిరారు. మీరు వెళ్లవచ్చు.

ప్రశ్న: గ్రీన్ కార్డు మీద ఉన్నాను. లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే కౌంటర్లో ఏదో అడిగారు, స్క్రీన్ మీద సంతకం పెట్టాను. నెల తర్వాత ఓటరు కార్డు పోస్టులో వచ్చింది. ఓటు వేయలేదు. ఇప్పుడు ఎన్-400 (పౌరసత్వ అప్లికేషన్) వేయబోతున్నాను. (న్యూజెర్సీ పాఠకురాలు)

కాసేపు ఆ ఫారం పక్కన పెట్టండి. లైసెన్సు ఆఫీసులోనే ఓటరు నమోదు అడగడం 1993 నాటి చట్టంతో వచ్చింది. కౌంటర్లో మనిషి వరసగా అడుగుతూ పోతారు, వెనక క్యూ ఉంటుంది, మనం "యస్" అనేస్తాం. ఆ నమోదులో "నేను అమెరికా పౌరుణ్ని" అని టిక్కు ఉండి, కింద మీ సంతకం ఉంటే, చట్టం దృష్టిలో అది పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పడం. పౌరసత్వం రాకపోవడమే కాదు, దేశం నుంచి పంపించడానికి కూడా అది కారణం కాగలదు. అందుకే దీన్ని చిన్న పొరపాటుగా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

మొదట ఇమిగ్రేషన్ లాయరును కలవండి. పేరు తీసేయమని కౌంటీకి రాసే ఉత్తరం కూడా రికార్డులో చేరుతుంది, కాబట్టి దాని మాటలు లాయరు చూశాకే వెళ్లాలి. తర్వాత కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచి మీ అసలు నమోదు పత్రం కాపీ తెప్పించండి. కేసంతా ఆ కాగితం మీదే నిలుస్తుంది. పౌరసత్వం గడి ఖాళీగా ఉందా, "నో" ఉందా, ఆఫీసు వాళ్లే ఎక్కించారా అన్నది అందులో తేలుతుంది. ఆఫీసుల తప్పులూ ఉంటాయి. 2024లో ఓరెగాన్‌లో పౌరసత్వ రుజువు చూపని వెయ్యిమందికి పైగా పేర్లు పొరపాటున ఓటర్ల జాబితాలోకి ఎక్కించినట్టు ఆ రాష్ట్రమే ఒప్పుకుంది. ఇవి కాక, పేరు తీసేసినట్టు ఉత్తరం, ఒక్కసారీ ఓటు వేయలేదని కౌంటీ ఇచ్చే రికార్డు దగ్గర పెట్టుకోండి.

ఎన్-400లో ఎప్పుడైనా పౌరుణ్నని చెప్పుకున్నారా, ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని అడుగుతారు. దాచవద్దు. ఓటరు జాబితా ఇమిగ్రేషన్ అధికారుల చేతికి అందేదే. మేరీలాండ్‌లోని టకోమా పార్క్ లాంటి కొన్ని ఊళ్లలో మాత్రం ఊరి ఎన్నికల్లో పౌరులు కానివారు ఓటు వేయడం చట్టబద్ధమే, అది వేరే సంగతి.

ఓటు లేనంత మాత్రాన నోరు మూసుకుని ఉండక్కర్లేదు. స్కూల్ బోర్డు మీటింగులో పేరిచ్చి రెండు మూడు నిమిషాలు మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. గ్రీన్ కార్డువారు అభ్యర్థులకు చందా ఇవ్వవచ్చు. హెచ్-1బీ వారు చందా ఇవ్వకూడదు, జీతం లేకుండా ప్రచారంలో పనిచేయవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి 17. గ్రీన్ కార్డు ఉంది, మాతోనే ఉంటాడు. వాడికీ ఫీజు కట్టాలా?

అక్కర్లేదు. 18 నిండేలోగా మీలో ఒకరి పౌరసత్వ ప్రమాణం జరిగితే ఆ క్షణంలోనే వాడూ పౌరుడే, నేరుగా పాస్‌పోర్టుకు వేయండి. పుట్టినరోజు దాటాక ప్రమాణం చేస్తే మాత్రం వాడు విడిగా ఎన్-400 వేసుకోవాలి. ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760.

ప్రశ్న: పోయిన నెల ప్రమాణం చేశాను. ఇండియన్ పాస్‌పోర్టుకు ఇంకా నాలుగేళ్లు గడువుంది. హైదరాబాద్‌లో ఓటుంది, తెనాలి దగ్గర పొలం ఉంది. (సియాటిల్ పాఠకుడు)

గడువు పుస్తకం మీద ఉంది కానీ, హక్కు లేదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ప్రమాణంతోనే మీ భారత పౌరసత్వం ముగిసింది. ఆ పాస్‌పోర్టుతో ప్రయాణం చేస్తే జరిమానా పడుతుంది. వరస ఇదీ: అమెరికా పాస్‌పోర్టు తీసుకోండి, తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేయండి, ఆ సర్టిఫికెట్టుతో ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇండియా ఇచ్చే కార్డు) వేయండి. అమెరికా పాస్‌పోర్టు అప్లికేషన్‌తో న్యాచురలైజేషన్ సర్టిఫికెట్టు (ప్రమాణం రోజు ఇచ్చే పౌరసత్వ పత్రం) ఒరిజినలే పంపాలి. అది వేరే కవరులో తిరిగొస్తుంది, పాస్‌పోర్టుతో పాటు రాలేదని కంగారు పడకండి.

ఇంకా ప్రమాణం చేయనివారికి ఒక హెచ్చరిక. మన పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే వరసలో ఉంటే, అమెరికా కాగితాల్లో మొదటి పేరు "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అయి కూర్చుంటుంది. దాన్ని వదిలించుకోవడానికి ఎన్-400లో పేరు మార్పు అడగడమే తేలిక దారి. కాకపోతే ప్రమాణం కోర్టులో జరగాలి, కాస్త ఆలస్యమవుతుంది. వేదిక దగ్గర సర్టిఫికెట్టు చేతికిచ్చినప్పుడు స్పెల్లింగు, పుట్టిన తేదీ అక్కడే చూసుకోండి.

హైదరాబాద్ ఓటు తీసేయడానికి ఫారం 7 ఇవ్వండి. ఓసీఐకి ఓటు హక్కు లేదు. ఎన్నారైల ఫారం 6ఏ ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవారికే. వారైనా ఊరొచ్చి బూత్‌లోనే వేయాలి. పొలం మీ పేరునే ఉంటుంది, వారసత్వంగానూ వస్తుంది. కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి మాత్రం ఓసీఐకి వీల్లేదు.

ప్రశ్న: పౌరసత్వం రాకముందే జ్యూరీకి (కోర్టులో కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందం) రమ్మని సమన్లు వచ్చాయి. చెత్తబుట్టలో వేయవచ్చా?

వద్దు. కొన్ని చోట్ల లైసెన్సుల జాబితా నుంచి పేర్లు తీస్తారు, అందుకే వచ్చాయి. "పౌరుణ్ని కాదు" అన్న గడి నింపి, కాపీ తీసుకుని, గడువులోగా పంపండి. ఎలాగూ పిలవరులే అని "పౌరుణ్ని" అన్న గడిలో టిక్కు పెడితే పైన న్యూజెర్సీ పాఠకురాలి వరసలో మీరూ నిలబడతారు. పౌరసత్వం వచ్చాక పిలిస్తే మాత్రం వెళ్లాల్సిందే. ఫెడరల్ కోర్టు జ్యూరీ అయితే రోజుకు 50 డాలర్లిస్తారు, దానికోసం సెలవు పెట్టారని కంపెనీ ఉద్యోగం తీయకూడదు.