రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటిన కారు అమ్మాలంటే... ఏం చెప్పాలి? ఏం రాయించుకోవాలి?

ప్రశ్న: 2014లో కొత్తగా కొన్న డీజిల్ కారు నాది. ఇప్పటికి 2,60,000 కిలోమీటర్లు దాటింది. సర్వీసింగ్ ఒక్కసారి కూడా తప్పలేదు. టైమింగ్ బెల్ట్, క్లచ్ మార్పించిన బిల్లులతో సహా అన్ని కాగితాలూ ఉన్నాయి. ఎక్స్ఛేంజ్‌కు అడిగితే కండిషన్ చూడకుండా మీటర్ మాత్రమే చూసి ధర తగ్గించేస్తున్నారు. ఒక బ్రోకర్ ‘మీటర్ లక్షకు తిప్పిద్దాం, ఎవరికీ తెలియదు’ అంటున్నాడు. ఇంకొకరు బండి పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాలు ఖాళీగానే సంతకాలు పెట్టి ఇస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అంటున్నారు. నేనే నేరుగా అమ్మితే, కొన్నాళ్లకు ఇంజిన్ పాడైతే కొన్నవాళ్లు నా మీద కేసు వేయొచ్చా? బండిలో ఉన్న చిన్నాచితకా లోపాలన్నీ చెప్పాలా?

– ఒక పాఠకుడు

జవాబు: ముందుగా మీటర్ సంగతి. దాని జోలికి వెళ్లకండి. తిప్పిన మీటర్ చూపించి డబ్బు తీసుకుంటే అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. ఆ సెక్షన్‌లోని 4వ ఉపసెక్షన్ ప్రకారం ఏడేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. 2024 జులై 1 వరకు ఐపీసీ 420గా మనకు తెలిసింది ఇదే. మీటర్ తిప్పింది బ్రోకరే కావచ్చు. కానీ తెలిసీ అమ్మకం కాగితం మీద సంతకం పెట్టింది మీరవుతారు. డబ్బు చేరింది మీకు. బ్రోకర్ పేరు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

సివిల్‌గానూ చిక్కే. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ప్రకారం మోసంతో కుదిరిన ఒప్పందాన్ని కొన్నవారు రద్దు చేసుకుని డబ్బు వెనక్కి అడగవచ్చు. ‘కొనేముందు మెకానిక్‌కు చూపించుకోవాల్సింది కదా’ అని అప్పుడు మీరు అనలేరు. కాస్త జాగ్రత్తగా చూస్తే నిజం తెలిసేదన్న వాదన, ఏమీ చెప్పకుండా ఊరుకున్న సందర్భాల్లో పనికొస్తుంది. కావాలని మీటర్ మార్చినచోట పనికిరాదు.

ఎవరికీ తెలియదన్న మాట కూడా నిజం కాదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబరు కొడితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు బండి వచ్చిందో కనిపిస్తుంది. చాలా కార్లలో రీడింగ్ మీటర్ బోర్డులోనే కాకుండా ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ నమోదై ఉంటుంది, స్కానర్ పెడితే తేడా బయటపడుతుంది. అరిగిన పెడల్ రబ్బర్లు, నున్నబడిన స్టీరింగ్, కుంగిన డ్రైవర్ సీటు అంచు లక్ష కిలోమీటర్ల కథను ఒప్పుకోవు. అన్నిటికంటే ముఖ్యం, మీటర్ తిప్పిస్తే మీ బిల్లులు చించేయాలి. క్లచ్ 2,10,000 దగ్గర మార్చినట్టు ఉన్న బిల్లును, లక్ష చూపించే మీటర్ పక్కన పెట్టలేరు కదా. మీ బండికి ఉన్న విలువంతా ఆ బిల్లుల్లోనే ఉంది. వాటిని పోగొట్టుకుంటే మీది కూడా సంతలో నిలబెట్టిన ఏదో ఒక పాత బండే.

ఇక లోపాలు ఎంతవరకు చెప్పాలన్నది. పాత వస్తువు విషయంలో మన చట్టం కొనేవాడినే జాగ్రత్తగా ఉండమంటుంది. వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ మొదలయ్యేదే, వస్తువు నాణ్యత గురించి చెప్పని హామీలు సాధారణంగా ఉండవన్న మాటతో. ఆ సెక్షన్‌లోని మినహాయింపులు ఎక్కువగా అదే సరుకు వ్యాపారం చేసేవారికి వర్తిస్తాయి. సొంత కారు ఒక్కసారి అమ్ముకునే మీలాంటి వారికి కాదు. కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు చూడండి. గుర్రానికి జబ్బుందని తెలిసినవాడు వేలంలో ఏమీ మాట్లాడకుండా అమ్మితే అది మోసం కాదు. కానీ కొనేవాడు ‘మీరు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను’ అన్నప్పుడు కూడా నోరు విప్పకపోతే, ఆ మౌనం బాగుందని చెప్పినట్టే లెక్క. కార్ల బేరంలో ఈ రెండో సందర్భమే రోజూ ఎదురవుతుంది. ‘ఇంజిన్ ఎప్పుడైనా విప్పారా?’, ‘యాక్సిడెంట్ ఏమైనా ఉందా?’ అని అడగని కొనుగోలుదారు ఉండడు. అడిగాక నిజం చెప్పాలి, లేదా ‘ఆ సంగతి నాకు తెలియదు, మీరే చూపించుకోండి’ అనాలి.

సగం నిజమూ ప్రమాదమే. టర్బో మార్చిన బిల్లు చూపించి, అదే నెలలో హెడ్ గాస్కెట్ పోయిన బిల్లు దాచితే, చూపించింది అబద్ధం కాకపోయినా మొత్తం మీద తప్పుదారి పట్టించినట్టే. ఫైలు ఇస్తే మొత్తం ఇవ్వండి, ఏ కాగితమూ తీయకండి.

అందుకే నేనిచ్చే సలహా, చట్టం అడిగిన దానికంటే ఒక మెట్టు ఎక్కువే చెప్పి, దాన్ని రాతలో పెట్టండి. ఎక్కువ తిరిగిన బండిలో అరుగుదల ఉంటుందని అందరికీ తెలుసు. దాన్ని మీరే రాసిచ్చి సంతకం తీసుకుంటే, రేపు ‘నాకు చెప్పలేదు’ అనడానికి వీలుండదు. తెల్ల కాగితమైనా సరే, రెండు ప్రతులు. అందులో ఇలా ఉండాలి: ‘ఈ రోజు మీటర్ రీడింగ్ 2,61,480 కి.మీ. నాకు తెలిసినంతవరకు మీటర్‌ను మార్చడం గానీ సవరించడం గానీ జరగలేదు. క్లచ్ 2,10,000 కి.మీ. దగ్గర మార్చబడింది, బిల్లు జతచేశాను. ముందు ఎడమవైపు సస్పెన్షన్ నుంచి గతుకుల మీద చప్పుడు వస్తోంది. ఏసీ చల్లదనం తక్కువగా ఉంది. కొనుగోలుదారు తన మెకానిక్‌తో పరీక్ష చేయించుకుని, బండిని ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నారు. అమ్మినవారు ఏ గ్యారంటీ ఇవ్వలేదు.’ దాని కింద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. డాష్‌బోర్డు వెలుగుతుండగా మీటర్ ఫొటో తీసి ఉంచుకోండి. మీ కారుకు మధ్యలో మీటర్ బోర్డు చెడిపోయి కొత్తది వేయించి ఉంటే, పాత రీడింగ్ ఎంత, కొత్తది ఎంత దగ్గర మొదలైంది అన్నది బిల్లుతో సహా రాయాలి.

మాట్లాడేటప్పుడు జరిగిన దానికీ జరగబోయే దానికీ తేడా పాటించండి. ‘ఆయిల్ ప్రతి 10,000 కిలోమీటర్లకు మార్పించాను’ అన్నది జరిగిన విషయం, బిల్లు ఉంది, ధైర్యంగా చెప్పండి. ‘ఇంకో లక్ష కిలోమీటర్లు కళ్లు మూసుకుని తిరగొచ్చు’ అన్నది హామీ. వాట్సాప్‌లో పంపిన అలాంటి మెసేజ్ కోర్టులో మీకే వ్యతిరేక సాక్ష్యమవుతుంది. ప్రకటనలో రాసే మాటలూ అంతే.

ఇలా అమ్మిన తర్వాత మూడు నెలలకు ఇంజెక్టర్లు పోయినా, ఇంజిన్ సీజ్ అయినా, కేవలం పాడైందన్న కారణంతో మీ నుంచి డబ్బు రాబట్టడం కష్టం. మీకు ముందే తెలిసి దాచారని, లేదా అబద్ధం చెప్పారని కొన్నవారు నిరూపించాలి. వ్యాపారం కాకుండా సొంత బండి ఒకసారి అమ్ముకున్న వ్యక్తి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం సాధారణంగా కుదరదు. సివిల్ దావాకు మూడేళ్ల గడువు, మోసం ఆరోపిస్తే అది బయటపడిన రోజు నుంచి లెక్క. కాబట్టి మీ దగ్గరి ప్రతిని, ఫొటోలను అమ్మిన మర్నాడే పారేయకండి.

ఎక్కువ తిరిగిన బండ్లలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినది ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. ఇంజిన్ మార్చినా, ఒక్క బ్లాక్ మార్చినా ఇంజిన్ నంబరు మారుతుంది. కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోకపోతే పేరు మార్పిడి తనిఖీలో ఆగిపోతుంది, దొంగ ఇంజిన్ అన్న అనుమానం కూడా వస్తుంది. గ్యాస్ కిట్ పెట్టించుకున్నవారిదీ అదే పరిస్థితి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఈ మార్పులు ఆర్సీలో నమోదు కావాలి. బేరం మొదలుపెట్టక ముందే ఇంజిన్ మీది నంబరు, ఆర్సీలోని నంబరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. లోన్ ఎప్పుడో తీరినా ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోవడం కూడా తరచూ చూస్తాం. బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం), ఫారం 35తో ఆ పేరు ముందే తీయించండి. ఇక రిజిస్ట్రేషన్ గురించి అయితే, చట్టం లెక్కపెట్టేది ఏళ్లనే, కిలోమీటర్లను కాదు. 2014లో రిజిస్టరైన మీ కారుకు 15 ఏళ్లు, అంటే 2029 వరకు గడువుంది. తర్వాత ఫిట్‌నెస్ తనిఖీ చేయించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. మీటర్ చూసి భయపడే కొనుగోలుదారుకు ఈ సంగతి చెప్పండి.

ఖాళీ ఫారాల మీద సంతకాలు అడుగుతున్నారన్నారు. మీ ప్రశ్న మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. చట్టం దృష్టిలో యజమాని అంటే ఆర్సీలో పేరున్న వ్యక్తి. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చి చెప్పింది. కారు అమ్మేశాక పలు చేతులు మారింది, ఆ తర్వాత ప్రమాదం జరిగింది. అయినా రికార్డులో పేరున్న మొదటి వ్యక్తే పరిహారానికి బాధ్యుడన్నది తీర్పు. తేదీ, కొనేవారి పేరు లేకుండా మీరిచ్చిన 29, 30 ఫారాలతో బండి ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది, చలాన్లు మీ ఫోన్‌కు వస్తాయి, ప్రమాదం జరిగితే పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నోటీసు మీ ఇంటికొస్తుంది. బండి అప్పగించేటప్పుడు రాసుకునే డెలివరీ నోట్‌లో ‘ఇకపై బాధ్యత కొన్నవారిదే’ అని రాసుకున్నా, ప్రమాద బాధితుడిని అది కట్టిపడేయదు. ముందు మీరు చెల్లించి, తర్వాత కొన్నవారి మీద దావా వేసుకోవాలి.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మిన 14 రోజుల్లో మీరు రవాణా శాఖకు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. కొన్నవారి కోసం ఎదురుచూడకుండా మీ వంతు మీరు పూర్తి చేయండి. వీలైతే ఇద్దరూ కలిసే వెళ్లి లేదా ఆన్‌లైన్‌లో ఒకే రోజు దరఖాస్తు పెట్టి, రసీదు చేతికి వచ్చాకే తాళాలు ఇవ్వండి. అది కుదరకపోతే కొంత మొత్తం డిపాజిట్‌గా తీసుకుని, ఆర్సీ వారి పేరు మీదికి మారాక తిరిగి ఇస్తానని రాసుకోండి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు సమయం కూడా వేయాలి. సాయంత్రం 5.40కి బండి ఇచ్చారనుకోండి, 7 గంటలకు చలాన్ పడితే అది ఎవరిదన్న గొడవ ఉండదు. వేరే రాష్ట్రంవారికి అమ్మితే ఫారం 28తో ఎన్ఓసీ తీసుకోవాలి. అయితే ఎన్ఓసీ ఇచ్చినంత మాత్రాన పేరు మారిపోదు, అక్కడ రిజిస్ట్రేషన్ అయిందో లేదో కనుక్కుంటూ ఉండాలి.

డీలర్‌కు ఇచ్చేట్టయితే పద్ధతి వేరు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధీకృత ధ్రువపత్రం తీసుకోవాలి. బండి అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా పోర్టల్‌లో తెలియజేయాలి. ‘మీ అధీకృత ధ్రువపత్రం చూపించండి, 29సి రసీదు ఇవ్వండి’ అని అడగండి. ఆ మాటకు తడబడే డీలర్‌కు, ధర ఎంత ఎక్కువిచ్చినా, బండి ఇవ్వవద్దు.

ఎక్స్ఛేంజ్‌లో జరిగేవి నిజానికి రెండు బేరాలు: పాతది అమ్మడం, కొత్తది కొనడం. పాత కారు ధర, ఎక్స్ఛేంజ్ బోనస్, కొత్త కారు మీద డిస్కౌంటు ఈ మూడూ విడివిడిగా కాగితం మీద ఉండాలి. కలిపి చెబితే ఎక్కడ ఎంత కోశారో తెలియదు. మీలా బాగా తిరిగేవారికి ఇంకో చిక్కు ఉంది. ధర కట్టిన రోజుకూ కొత్త కారు వచ్చే రోజుకూ మధ్య రెండు నెలలు గడిస్తే మీటర్ ఐదారు వేలు పెరుగుతుంది. డెలివరీ రోజున ‘అప్పటి ధర ఇప్పుడు రాదు’ అంటారు. అప్పటికే కొత్త కారుకు అడ్వాన్సు కట్టి ఉంటారు కాబట్టి మీరు కాదనలేరు. అందుకే బుకింగ్ ఫారంలోనే ఆ రోజు రీడింగ్, ఎన్ని కిలోమీటర్ల వరకు అదే ధర వర్తిస్తుంది, ఎన్ని రోజులు, దాటితే ఎంత తగ్గుతుంది అన్నవి రాయించండి. ధర తగ్గిస్తే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇస్తారన్న మాట కూడా అందులోనే ఉండాలి.

డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు, అదీ పుచ్చుకున్నవారి మీదే. సొంతానికి వాడుకున్న కారు అమ్మకం మీద మూలధన లాభాల పన్ను ఉండదు. వ్యాపారం పుస్తకాల్లో చూపి తరుగుదల క్లెయిమ్ చేసి ఉంటే మాత్రం లెక్క మారుతుంది, మీ ఆడిటర్‌ను అడగాలి.

పేరు మారేవరకు బీమా రద్దు చేయకండి. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ రక్షణ (అవతలివారికి జరిగే నష్టానికి ఉన్న బీమా) కొన్నవారికి బదిలీ అయినట్టే భావిస్తారు. బండికి జరిగే సొంత నష్టానికి ఉన్న రక్షణ అలా బదిలీ కాదు, వారు 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), మీది, బండిది కాదు. అమ్మిన కాగితం చూపించి బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ లేఖ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే మరో కారుకు వాడుకోవచ్చు. ఫాస్టాగ్‌ను మాత్రం బండి అప్పగించిన రోజే మూయించండి, లేదంటే టోల్ గేట్ల దగ్గర కోత మీ ఖాతాకే పడుతుంది.