టెక్ సందేహాలు: సమాధి రాతి మీద యాప్ చదివిన సంవత్సరం నమ్మొచ్చా?

ప్రశ్న: మా పూర్వీకుల సమాధి రాయి బాగా అరిగిపోయింది. ఫొటో తీసి, స్పష్టత పెంచే ఏఐ యాప్‌లో వేస్తే మరణ సంవత్సరం ఒకసారి 1873 అని, ఇంకోసారి 1878 అని వచ్చింది. ఏది సరైనది?

జవాబు: రెండింటినీ పక్కన పెట్టండి. ఇదే ఫిర్యాదు పదే పదే వస్తోంది. ఆ యాప్ రాయిని చదవడం లేదు, మసకగా ఉన్నచోట తనకు తోచిన గీత గీస్తోంది. 3కి ఎడమవైపు మరక ఉంటే చాలు, వంపులు మూసేసి 8 చేసేస్తుంది. ఏది అసలు గీతో, ఏది తాను కల్పించిందో చూపించని సాధనాన్ని జనం చేతిలో పెట్టడం బాధ్యతారాహిత్యం. అలా పుట్టిన తప్పు సంవత్సరం ఒక వంశవృక్షంలోకి ఎక్కితే, దాన్ని చూసి మరో పది మంది ఎక్కించుకుంటారు.

అరిగిన అక్షరాన్ని పట్టిచ్చేది నీడే. ఫోన్‌ను ట్రైపాడ్ మీద రాతికి సూటిగా బిగించండి. ఫ్లాష్ వద్దు, హెచ్‌డీఆర్ వద్దు. నీడల్ని పలచన చేయడమే హెచ్‌డీఆర్ పని. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి 2 సెకన్ల టైమర్ పెట్టండి. చీకటి పడ్డాక టార్చిని రాతి ముఖానికి 10-15 డిగ్రీల వాలులో పట్టుకుని, ఫోన్ కదపకుండా నాలుగు పక్కల నుంచి, నాలుగు మూలల నుంచి మొత్తం 8 ఫొటోలు తీయండి. పగలైతే అద్దంతో ఎండను మళ్లించవచ్చు. ఒక్క ఫొటోతో సరిపెట్టుకోవద్దు: వెలుతురు పక్క నుంచి వస్తే అడ్డగీతల్లో నీడ పడదు, 7 తలకట్టు పోయి 1లా కనిపిస్తుంది. టార్చి ఎడమ నుంచి కుడికి మారినప్పుడు గాడిలో నీడ కూడా వైపు మారుతుంది. మారకపోతే అది మరకే.

ఇంకా తేలకపోతే ఒక ఫొటోకూ మరోదానికీ 60-70 శాతం కలిసేలా చుట్టూ తీసి, ఫొటోల నుంచి త్రీడీ మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్‌తో మోడల్ చేయండి. త్రీడీ మోడళ్లను చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ మెష్‌ల్యాబ్‌లో దాన్ని తెరిచి, రంగు తీసేసి ఉపరితలం మాత్రమే చూడండి. పిండి, సుద్ద, షేవింగ్ నురగ, వైరు బ్రష్ మాత్రం రాతి దగ్గరికి రానివ్వకండి.

అనుమానమున్న అంకెను 187[3] అని రాసుకుని ఖనన రిజిస్టరుతో పోల్చండి. ‘63వ ఏట’ అని ఉంటే నిండినవి 62 ఏళ్లే. పుట్టిన సంవత్సరం లెక్కలో చాలామంది ఇక్కడే తప్పుతారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. ఇలాంటి యాప్‌లు గ్యాలరీ మొత్తానికి అనుమతి అడుగుతాయి, మనవాళ్లు చూడకుండా నొక్కేస్తారు. ‘ఎంచుకున్న ఫొటోలు మాత్రమే’ అని ఇవ్వండి. సమాధి ఫొటోలో లొకేషన్ పరిశోధనకు పనికొస్తుంది, ఉంచండి. ఇంట్లో తీసిన పాత కాగితాల ఫొటోల్లో అదే లొకేషన్ మీ ఇంటి చిరునామా. పంచుకునే ముందు తీసేయండి. బతికున్నవారి పుట్టిన తేదీలు, అమ్మ పుట్టింటి పేరు వంశవృక్షంలో అందరికీ కనిపించేలా పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. ఖాతా తిరిగి తెరవడానికి ఇప్పటికీ ఆ పేరే అడిగే సంస్థలున్నాయి. బతికున్న ప్రతి ఒక్కరినీ ‘ప్రైవేట్’లో పెట్టండి. ఆ రహస్య ప్రశ్నకు అసలు పేరు కాకుండా సంబంధం లేని జవాబు ఇచ్చి, పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోండి.