సముద్రం మీద గీత గీసే ముందు

చిరంజీవి శ్రావణికి,

మావయ్య ఆశీస్సులు. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవిలో, సముద్రంలో వేట ఆపాల్సిన చోట్లు గుర్తించే ప్రాజెక్టు నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన మ్యాపు కూడా తీరిగ్గా చూశాను. గోదావరి పాయలు, మడ అడవి, హోప్ ఐలాండ్, అన్నీ చక్కగా గుర్తించావు. ఎర్ర రంగు వేసిన చోట్ల ‘వేట నిషేధం’ అని పెట్టావు. కానీ ఆ ఎర్ర గళ్ళల్లో ఇవాళ ఎవరు వల వేస్తున్నారో, ఏ నెలలో వేస్తున్నారో మ్యాపులో ఎక్కడా లేదు. అందుకే ఈ ఉత్తరం.

మత్స్యశాఖలో పనిచేసినన్నాళ్ళూ రక్షిత ప్రాంతాలు చాలా చూశాను. అక్కడ వేటాడేవాళ్ళు ఒప్పుకున్నవి నిలబడ్డాయి. మిగతావి గెజిట్‌లో ఉన్నాయి, అంతే. సముద్రానికి కంచె వేయలేం, రాత్రిపూట కాపలా పెట్టలేం. నీ పనిలో మొదటి భాగమూ, కష్టమైన భాగమూ ఆ ఒప్పుదల సంపాదించడమే.

కాకినాడ బస్సెక్కేలోపు హైదరాబాద్‌లోనే ఒక పని ఉంది. ఆదివారం తెల్లవారుజామున రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి వెళ్ళు. ఒక స్కేలు తీసుకెళ్ళు. ఐసు పెట్టెల్లో సముద్రపు చేప వస్తుంది. కానాగంతలు ఒక కిలో కొని, ఒక్కోదాన్నీ మూతి నుంచి తోక చివరిదాకా కొలువు. కేరళ 2015లో చేపలకు కనీస సైజు నిర్ణయిస్తూ కానాగంతకు 14 సెంటీమీటర్లు, నూనె కవ్వలకు 10 సెంటీమీటర్లు పెట్టింది. అంతకంటే చిన్నవి పట్టకూడదు, అమ్మకూడదు. నీ కిలోలో అంతకు తక్కువ ఎన్ని ఉన్నాయో రాసుకో. పెద్దవాటి పొట్ట కోయించి గుడ్లున్నాయో లేదో చూడు. ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే చేప బుట్టలోకి వచ్చేస్తుంటే, ఆ రేవులో ఏం జరుగుతోందో ఏ రిపోర్టూ చదవకుండానే నీకు తెలుస్తుంది. నెలకోసారి ఈ కొలతలు తీస్తూ ఉండు. ఏడాది తిరిగేసరికి నీ చేతిలో నీ సొంత లెక్క ఉంటుంది. రేవులో మాట్లాడేటప్పుడు అది చాలా పనికొస్తుంది.

మృగశిర కార్తె రోజు ఇదే మార్కెట్లో కాలు పెట్టడానికి చోటుండదు కదా. ఆ రోజు జూన్ రెండో వారం మొదట్లో వస్తుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. పడమటి తీరంలో జూన్ 1న మొదలై జూలై 31 దాకా. అంటే మనవాళ్ళు చేప కోసం ఎగబడే రోజున రెండు తీరాల్లోనూ మరపడవలు కట్టేసి ఉండాలి. ఆ రోజు కొరమీను, బొచ్చె తింటే ఏ ఇబ్బందీ లేదు. తాజా సముద్రపు చేప అని చెప్పి అమ్ముతుంటే మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందని అడుగు. యంత్రం లేని పడవలకు మినహాయింపు ఉంది కాబట్టి వాళ్ళది కావచ్చు, కాకపోవచ్చు.

ఇక కోరంగి సంగతి. 1978లోనే దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అడవి లోపల అటవీశాఖ మాట, వేట విషయంలో మత్స్యశాఖ మాట, సముద్రం మీద మెరైన్ పోలీసుల మాట చెల్లుతాయి. ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టకుండా పని మొదలుపెట్టకు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 26ఎ సెక్షన్ తప్పకుండా చదువు. సముద్ర జలాలను అభయారణ్యంలో కలపాలంటే స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలు కాపాడే ఏర్పాట్లు చేశాకే హద్దులు నిర్ణయించాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ వాక్యం ప్రింటు తీసి నీ ఫైలు మొదటి పేజీలో పెట్టు. ‘వాళ్ళను అడగడం దేనికి’ అనే పెద్దమనిషి ఎవరో ఒకరు ప్రతి మీటింగులోనూ ఉంటాడు. ఆయనకు చూపించడానికి పనికొస్తుంది.

ఊళ్ళోకి వెళ్ళినప్పుడు కుల పెద్దలను కలవడం మర్యాద, కలువు. అక్కడితో ఆగిపోకు. కుల పెద్దల దగ్గర కూర్చునేది పడవలున్నవాళ్ళు. మడ అడవిలో బురదలోకి దిగి, బొరియల్లోంచి పీతల్ని చేత్తో తీసే యానాదులు ఆ అరుగు మీదకు రారు. వాళ్ళల్లో చాలామందికి పడవ ఉండదు, మత్స్యకార సొసైటీలో పేరు ఉండదు. నీ ఎర్ర రంగు మొట్టమొదట తగిలేది వాళ్ళ పళ్ళేనికే. వాళ్ళను కలవాలంటే పోటు పాటు చూసుకుని వెళ్ళాలి. పాటుకు నీళ్ళు తీసినప్పుడు వాళ్ళు పనిలో ఉంటారు. నీళ్ళు ఎక్కాక తీరిక దొరుకుతుంది. పదకొండు గంటలకు మీటింగు అని చాటింపు వేయిస్తే వచ్చేది పనిలేనివాళ్ళే.

రేవులో వేలం పాడే ఆడవాళ్ళ దగ్గర కూర్చో. ఏ చేప తగ్గింది, ఏది చిన్నదైపోయింది, ఏ నెలలో గుడ్లతో వస్తుంది, ఏ మొగ దగ్గర, అంటే ఏటి పాయ సముద్రంలో కలిసే చోట, పిల్ల రొయ్య దొరుకుతుంది, వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాళ్ళు చెప్పింది నెలలవారీగా రాసుకుని, అప్పుడు నీ ఎర్ర గళ్ళను దానితో పోల్చి చూడు. ఏడాది పొడవునా మూసేయాల్సిన చోటు నువ్వు అనుకున్నదానికంటే చిన్నదని తేలుతుంది. గుడ్లు పెట్టే నెలల్లో మాత్రం మూస్తే సరిపోయే చోట్లు ఇంకొన్ని దొరుకుతాయి. అలాంటిది ఊరివాళ్ళు తొందరగా ఒప్పుకుంటారు, ఎందుకంటే మిగతా నెలలు వాళ్ళవే.

తమిళనాడులో మన్నార్ సింధుశాఖ సంగతి నీకు తెలుసు. 1986లో 21 దీవులతో జాతీయ పార్కు ప్రకటించారు. ఆ దీవుల చుట్టూ సముద్రపు నాచు ఏరుకుని బతికే ఆడవాళ్ళు ఒక్కసారిగా చట్టం దృష్టిలో తప్పుచేసినవాళ్ళయ్యారు. ఎన్నో ఏళ్ళ గొడవల తర్వాత ఆ ఆడవాళ్ళే నెలకు 12 రోజులే ఏరాలని కట్టుబాటు పెట్టుకున్నారు. వాళ్ళ తరఫున నిలబడిన చిన్నపాలెం లక్ష్మీ మూర్తికి 2015లో దీవుల పర్యావరణాన్ని కాపాడేవాళ్ళకు ఇచ్చే సీకాలజీ బహుమతి వచ్చింది. ఆ మాట ముందే వాళ్ళను అడిగి ఉంటే అన్నేళ్ళ గొడవ తప్పేది కదా అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కట్టుబాటు మన తీరానికి కొత్త కాదు. నెల్లూరు, ప్రకాశం వైపు ఊరి దురాయి, అంటే ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు, దాటడానికి ఇప్పటికీ భయపడతారు. నీ నిబంధన దురాయిగా మారితే పోలీసు అక్కర్లేదు. కానీ ఒక జాగ్రత్త. ఒక ఊరి కట్టుబాటు పక్క ఊరి పడవను ఆపదు. మన రాష్ట్రంలో చిన్న పడవలవాళ్ళ కోసం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా వదిలి, మరబోట్లు ఆ అవతల వేటాడాలని నిబంధన ఉంది. విశాఖలో రింగు వలల (చేపల గుంపును చుట్టేసి పట్టే పెద్ద వలల) గొడవ అంతా ఆ ఎనిమిది కిలోమీటర్ల చుట్టూ తిరిగిందే. 2022 జనవరిలో పడవలు తగలబెట్టుకునేదాకా వెళ్ళింది. అన్నదమ్ముల్లాంటి ఊళ్ళు అవి. కాబట్టి నువ్వు మూసిన చోట బయటి ట్రాలర్లు (వల లాక్కుంటూ వెళ్ళే మరబోట్లు) దూరితే ఎవరికి ఫోన్ చేయాలి, ఎంతసేపట్లో పడవ వస్తుంది అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చు. ఊరివాడు వల తీసేసిన చోట మరొకడు వచ్చి లాగేసుకుపోతే, మర్నాడు ఆ ఊరివాడే ముందు దిగుతాడు. వాడిని తప్పు పట్టలేం.

డబ్బు సంగతి సిగ్గుపడకుండా మాట్లాడు. వేట నిషేధ కాలానికి ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెంచారు. మంచి పని. 61 రోజులకు పంచి చూడు, రోజుకు 330 రూపాయల లోపే. పైగా అది వేటకెళ్ళేవాళ్ళకు. ఎండుచేప చేసే ఆడవాళ్ళు, ఐసు మోసేవాళ్ళు అందులో ఉండరు. దీని మీద నువ్వు ఇంకో రెండు నెలలు మూత పెడితే ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలుగుతుందో నీ ప్లానులో పేజీ ఉండాలి. ఒడిశాలో తాబేళ్ళ కోసం ధామ్రా, దేవి, రుషికుల్య నదుల మొగల దగ్గర వేట నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఆపుతారు. దానికి మామూలు నిషేధం కలిస్తే ఏడున్నర నెలలు. తాబేలు బతకాలి, నేనూ కోరుకుంటాను. దాని ఖర్చంతా ఒక్క మత్స్యకారుడి మీదే పడకూడదు.

వలల విషయం అక్కడే ఒడ్డున చేసి చూపించు. మామూలు ట్రాల్ వల చివరి సంచిలో కన్ను డైమండ్ ఆకారంలో ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని లాగు, కన్ను మూసుకుపోతుంది. నీళ్ళలో లాగినప్పుడు జరిగేదీ అదే, పిల్ల చేప బయటపడదు. చదరపు కన్ను వల లాగినా తెరుచుకునే ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన లాగి చూపిస్తే ఇంక ఉపన్యాసం అక్కర్లేదు. తాబేలు తప్పించుకునే టెడ్ పరికరం మాత్రం వాళ్ళ పడవ మీదే, వాళ్ళ వలకే కట్టి రెండు మూడు సార్లు లాగించాలి. రొయ్య పోతుందన్నది వాళ్ళ భయం. ఎంత పోయిందో వాళ్ళే తూచుకోవాలి. టెడ్ వాడకపోవడం వల్ల 2019 నుంచి మన సముద్రపు రొయ్యకు అమెరికా మార్కెట్ మూసుకుపోయిందన్న సంగతీ చెప్పు. చాలామందికి ధర ఎందుకు పడిపోయిందో ఎవరూ విడమర్చి చెప్పలేదు.

మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) వాళ్ళ దగ్గరికి వెళ్ళి తప్పకుండా మాట్లాడు. సముద్రం పై నీటి వేడి, పచ్చదనం ఉపగ్రహాలతో చూసి, చేప ఎక్కడ దొరకవచ్చో దిశ, దూరం, లోతుతో తెలుగులోనే పంపుతారు. నిషేధ కాలంలో ఆపేస్తారు. డీజిలు ఆదా అవుతుంది కాబట్టి దాని మీద బోట్లవాళ్ళకు నమ్మకం ఉంది. నువ్వు మూసే చోట్ల హద్దులు కూడా అదే దారిలో వాళ్ళ ఫోన్లకు చేరేలా అడిగి చూడు. చేప ఉన్న చోటు చెప్పే మెసేజీలోనే వదిలేయాల్సిన చోటు కూడా కనిపిస్తే వాళ్ళకూ సౌకర్యం.

చివరిగా లెక్కలు. మూసేముందు ఒక ఏడాది కొలతలు తీయి. మూయని చోట కూడా, అలాంటి నీళ్ళే ఉన్న ఇంకో మొగ దగ్గర అవే కొలతలు తీయి. లేకపోతే చేప పెరిగితే నీ వల్లనో, ఆ ఏడు గోదావరి వరద వల్లనో చెప్పలేవు. మెక్సికోలో కాబో పుల్మో అనే చోట ఊరివాళ్ళే ముందుకొచ్చి వేట ఆపితే, 1999కీ 2009కీ మధ్య చేపల బరువు నాలుగు రెట్లకు పైగా పెరిగింది. పదేళ్ళు పట్టింది చూడు. మీ ఆఫీసువాళ్ళు నీకు రెండేళ్ళకే డబ్బు మంజూరు చేశారని విన్నాను. రెండేళ్ళలో ఊరివాళ్ళకు కనిపించేది నష్టమే, లాభం ఆ తర్వాత వస్తుంది. కనీసం ఐదేళ్ళకు కాగితం మీద హామీ తీసుకుని అప్పుడు ఊళ్ళో మాట ఇవ్వు. ఈలోగా ఆ మ్యాపులో ఎర్ర రంగు తీసేసి పెన్సిలుతో గీసుకుని తీసుకెళ్ళు.

ఆశీస్సులతో,
మావయ్య
రామ్‌నగర్, హైదరాబాద్