తరుగు గురించి రాయి బాబూ

బాబూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మన ఒడిశా రాయగడ తెలుగు పిల్లల్లో నియమగిరి కొండల వైపు చూసి రాసేవాళ్ళు ఎంతమందున్నారు చెప్పు, చాలా సంతోషమేసింది. 2013 ఏప్రిల్‌లో తవ్వకం సంగతి గ్రామసభల్లోనే తేలాలని సుప్రీంకోర్టు తీర్పు, ఆ వానాకాలంలోనే గ్రామసభలు, రాయగడ వైపు 7 ఊళ్ళు, కలహండి వైపు 5, జడ్జి గారి ఎదురుగా మొత్తం 12 ఊళ్ళూ బాక్సైట్ తవ్వొద్దని చెప్పడం, అంతా కరెక్టుగానే రాశావు.

కానీ ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకు. కథలో కంపెనీ ఉంది, కోర్టు ఉంది, ఆ కొండమీదుండే డోంగ్రియా గిరిజనులున్నారు, మరి మనమేం బాబూ? ఈ జిల్లాలో కొట్లు పెట్టుకుని, ఉప్పు, ఎండు చేప అమ్మి, వాళ్ళ పసుపు కొని బతికిన తెలుగోళ్ళం కథలో ఎక్కడా లేం.

మా నాన్నకి బిస్సంకటక్‌లో కొట్టుండేది. వానల్లో కొండమీద తిండి తక్కువైనప్పుడు అడ్వాన్సిచ్చేవాడు, పంటొచ్చాక ఆయన చెప్పిన రేటుకే పసుపు పొయ్యాలి. నాకు పదేళ్ళు, పద్దు రాసేది నేనే. ఒకరోజు ఒక పెద్దావిడ బుట్ట దించింది, కాటా మీద పది కేజీలొచ్చింది, నాన్న పచ్చిగా ఉందని కేజీ తరుగు తీసెయ్యమన్నాడు. ఆవిడకి తెలుగు రాదు, వాళ్ళ భాష కువి తప్ప ఏదీ రాదు, బుట్టలోంచి ఒక కొమ్ము తీసి నా మొహం ముందు పెట్టి విరిచింది. టక్కుమంది. సరిగ్గా ఎండని పసుపు అలా విరగదు, వంగుతుంది, నాక్కూడా తెలుసు. అయినా తొమ్మిదనే రాశాను. ఆవిడ విరిగిన రెండు ముక్కలూ మళ్ళీ బుట్టలోనే వేసి డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది.

అందుకే నీ కథలో "అమాయక గిరిజనులు" అన్నచోట నాకు మనసొప్పలేదు, కొట్టెయ్. ఆవిడ అమాయకురాలా? మోసం ఎక్కడ జరుగుతోందో ఆవిడకి తెలుసు, కానీ ఆ రోజు సాయంత్రం ఉప్పు కావాలి, పాత బాకీ ఉంది, ఇంకో కొట్టుకెళ్ళినా అదే కాటా. వెనకబాటుతనం అని పేపర్లో రాస్తారే, నేను చూసినంతలో అది ఇలాగే తయారవుద్ది, కేజీ కేజీగా. వాళ్ళ భూమి మనలాంటోళ్ళు కొనకుండా ఒడిశాలో 1956 నుంచి రెగ్యులేషనుంది, భూమి కొనకుండానే దానిమీద పండింది తీసుకోవడం మాత్రం మా కొట్లకి బాగా వచ్చు.

గ్రామసభల గెలుపు చిన్నదని అనట్లేదు నేను, 2006 అటవీ హక్కుల చట్టాన్ని అంత గట్టిగా నిలబెట్టింది వాళ్ళే. కాకపోతే ఆ గెలుపు దగ్గర నీ కథ ఆగిపోయింది, కొండ మిగిలింది సరే, ఆ తర్వాత సంతకి దిగిన మనిషికి బుట్టకి ఎంతొచ్చింది, అదే పసుపు విజయనగరం చేరేసరికి రేటెంత, మధ్యలో ఎవరెవరు తిన్నారు, ఇవి అడిగి రాసుకో. పేర్లొద్దు, రేట్లు చాలు. కువి కూడా కొంచెం నేర్చుకో, కనీసం "ఎండిపోయింది" అన్న మాటైనా, నేను ఆ రోజు అదే నేర్చుకోలేదు.

చాటికోన సంత బుధవారం. మంగళవారం రాత్రికే మా ఇంటికొచ్చెయ్, తెల్లారకముందే వెళ్దాం, ఊరి బయటే దళారీలు బుట్టలు లాక్కుంటారు, నువ్వు చూడాల్సింది అక్కడే.